గురువు మౌనం వహించే వేళ: విమాన శిక్షకుడు పరీక్షకుడయ్యే క్రమం

విమానం నడపడం నేర్చుకొనేవారిని గురించి పత్రికలలో తరచుగా చదువుతుంటాము. నేర్పేవారిని గురించి కూడా అప్పుడప్పుడు చదువుతాము. ఈ ఇరువురి నడుమ నిలిచి, ఫలానా అభ్యర్థికి విమానాన్ని ఒంటరిగా అప్పగించవచ్చునని గాని, ఇంకా కొంతకాలం ఆగవలెనని గాని తీర్పు చెప్పే మూడవ వ్యక్తి ఒకరున్నారు. ఆయననే విమాన పరీక్షకుడు, అనగా ఫ్లయిట్ ఎగ్జామినర్ అంటారు. ఆయన సంతకం లేనిదే ఎన్ని గంటలు ఎగిరినా లైసెన్సు రాదు.

హోసూరు, బళ్ళారి, రాయచూరు ప్రాంతాలలోను, షోలాపూరు, చంద్రపూరు జిల్లాలలోను, ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాలలోను స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు పైలట్ చదువు ఇప్పుడు పూర్వమంత దూరపు మాట కాదు. బెంగళూరు దగ్గరి జక్కూరులో ప్రభుత్వ వైమానిక శిక్షణ పాఠశాల ఉన్నది. మహారాష్ట్రలోని బారామతి, గోందియాలలో శిక్షణ కేంద్రాలున్నాయి. అమెరికా వెళ్ళి నేర్చుకొనేవారూ ఉన్నారు. అయితే ఎక్కడ నేర్చినా ఖర్చు లక్షలలోనే. పొలం తాకట్టు పెట్టి, బ్యాంకు అప్పు తెచ్చి, బంధువుల చేబదుళ్ళు కలిపి కట్టిన సొమ్ము అది. అంత సొమ్ము, అంతమంది ఆశ ఆ పరీక్ష జరిగే రెండు మూడు గంటల మీద ఆధారపడి ఉంటాయి. కాబట్టి ఆ పరీక్ష చేసే మనిషి ఎవరు, ఎట్లా తయారవుతాడు, ఏ నియమానికి కట్టుబడి ఉంటాడు అన్న సంగతి ఆ కుటుంబాలకు తెలిసి ఉండడం అవసరం.

పరీక్షకుల నియమాలు దేశదేశానికీ మారుతాయి. వీటిని అంకెలతో సహా విస్పష్టంగా వ్రాసుకొన్నది యూరపు. అక్కడి విమానయాన భద్రతా సంస్థ పరిధిలోని దేశాలన్నీ ‘పార్ట్ ఎఫ్‌సీఎల్’ అనే ఒకే నిబంధనావళిని అనుసరిస్తాయి. బ్రిటన్ 2020 డిసెంబరు 31తో ఆ ఏర్పాటు నుండి వైదొలగినప్పటికీ ఆ నిబంధనావళినే తన చట్టంలో నిలుపుకొని, తరువాత తన అవసరాలకు తగిన మార్పులు చేసుకొంటూ వస్తున్నది. ఈ వ్యాసానికి ఆ నియమావళినే ఆధారంగా తీసుకొని, అమెరికా, భారతదేశాల పద్ధతులను అవసరమైన చోట ముచ్చటిస్తాము.

గంటల లెక్క

సొంత సరదాకు చిన్న విమానం నడుపుకొనే ప్రైవేటు పైలట్ లైసెన్సుకు యూరపు నియమాల ప్రకారం కనీసం 45 గంటల శిక్షణ కావలెను. అందులో 25 గంటలైనా గురువు ప్రక్కన కూర్చుండి నేర్పినవై ఉండవలెను. 10 గంటలు గురువు పర్యవేక్షణలో శిష్యుడు ఒంటరిగా ఎగిరినవై ఉండవలెను. ఆ ఒంటరి ప్రయాణాలలో ఒకటి కనీసం 270 కిలోమీటర్ల దూరం సాగి, దారిలో వేరు వేరు రెండు విమాన క్షేత్రాలలో దిగి ఆగినదై ఉండవలెను.

నేర్పే అర్హత దీనికి చాలా పైమెట్టు. శిక్షకుడు కాదలచినవాడు మొదట తాను వందలకొద్దీ గంటలు ఎగిరి, ఆ మీదట శిక్షకుల శిక్షణలో చేరవలెను. అందులో బోధనా పద్ధతికి 25 గంటలు, విషయజ్ఞానానికి 100 గంటలు, విమానంలో కనీసం 30 గంటలు నిర్దేశించారు. అది పూర్తయిన వెంటనే కూడా అతనిని స్వతంత్రునిగా వదలరు. 100 గంటల బోధన చేసి, 25 మార్లు శిష్యులను ఒంటరిగా ఎగరడానికి పంపి పర్యవేక్షించేంత వరకు మరొక పెద్ద శిక్షకుని కనుసన్నలలోనే పనిచేయవలెను. శిష్యుని మొదటిసారి ఒంటరిగా పంపడమనే నిర్ణయాన్ని ఆ కాలంలో అతడు తనంత తాను తీసుకొనకూడదు. వ్యవసాయంలో కొత్తగా నాగలి పట్టినవానికి మొదటి చాలు పెద్దవారు దున్ని చూపినట్లే ఇదీను.

ఈ మెట్లన్నీ దాటిన శిక్షకుడు పరీక్షకుడు కావాలంటే పైలట్‌గా మొత్తం 1000 గంటలు ఎగిరి ఉండవలెను. అందులో 250 గంటలు బోధనలో గడిచినవై ఉండవలెను. ఈ అర్హత ప్రైవేటు లైసెన్సు పరీక్షలు జరపడానికి మాత్రమే. వృత్తి పైలట్ల లైసెన్సుకు, అనగా కమర్షియల్ లైసెన్సుకు పరీక్ష జరపాలంటే 2000 గంటలు కావలెను. బోధన 250 గంటలు ఇక్కడ కూడా తప్పదు. ఇక కొత్త శిక్షకులనే పరీక్షించే వారున్నారు. వారికి 2000 గంటలతోబాటు, శిక్షకులు కాగోరేవారికి బోధించిన అనుభవమే 100 గంటలు ఉండవలెను.

ఒక్కొక్క శిష్యుని ప్రక్కన 25 గంటలు కూర్చుంటారనుకొంటే, 250 గంటలంటే పదిమంది శిష్యుల పూర్తి శిక్షణ అన్నమాట. వినడానికి ఇది పెద్ద సంఖ్యగా తోచదు. బహుకాలంగా ఈ వృత్తిలో ఉన్న శిక్షకులు దీనిని ఏనాడో దాటి ఉంటారు. గంటలు గుమ్మం వరకే తీసుకొనిపోతాయి. గుమ్మం లోపల చూసేది వేరు. గత మూడేళ్ళలో నియమాల ఉల్లంఘనకు లైసెన్సు సస్పెండు కావడం, రద్దు కావడం, దానిపై పరిమితి పడడం వంటి శిక్షలేవీ అతని మీద ఉండకూడదు. పరీక్షకుని పనికి తగిన జ్ఞానము, పూర్వానుభవము ఉన్నట్లు అతడు నిరూపించుకొనవలెను. అమెరికాలో అయితే ఇంకొక మాట కూడా స్పష్టంగా చెబుతారు: పరీక్షకుని పదవి హక్కు కాదు. ఆ ప్రాంతానికి పరీక్షకుని అవసరం ఉన్నదా, అతనిపై నిఘా ఉంచగల సిబ్బంది తమకున్నారా అని కార్యాలయం చూసుకొన్న మీదటే నియమిస్తుంది. ఇచ్చిన పదవిని తిరిగి తీసుకొనే అధికారమూ దానిదే.

ఒకే తక్కెడ

అర్హుడని తేలినవారిని ‘స్టాండర్డైజేషన్’ అనే శిక్షణకు పంపుతారు. దీని భావం మన కుటుంబాలలో పదవ తరగతి పిల్లలున్నవారికి ఇట్టే బోధపడుతుంది. ఒకే జవాబుకు ఒక మాస్టారు ఎనిమిది మార్కులు, మరొక మాస్టారు అయిదు మార్కులు వేస్తే పిల్లవాని భవిష్యత్తు అతని చదువు మీద గాక, ఆ జవాబు పత్రం ఎవరి బల్ల మీద పడినదన్న అదృష్టం మీద ఆధారపడుతుంది. అందుకే మూల్యాంకన శిబిరాలలో అందరికీ ఒకే జవాబుల నమూనా ఇచ్చి, పెద్ద పరీక్షకుడు కొన్ని పత్రాలను తిరిగి చూస్తాడు. విమాన పరీక్షలో జవాబు పత్రం ఉండదు. గాలిలో జరిగినది గాలిలోనే పోతుంది. తిరిగి దిద్దించుకొనే అవకాశం లేదు. కాబట్టి అక్కడ తక్కెడను సరిచూడవలసిన అవసరం మరీ ఎక్కువ.

ఆ తక్కెడలోని రాళ్ళను కొన్నింటిని చూద్దాము. ప్రైవేటు లైసెన్సు పరీక్షలో, మామూలు ప్రయాణంలో నిర్ణయించిన ఎత్తుకు 150 అడుగులు పైకి గాని క్రిందికి గాని తేడా రావచ్చును. ఇంజను ఆగిపోయినట్లు నటింపజేసినప్పుడు ఆ తేడా 200 అడుగుల వరకు అంగీకారమే. ప్రయాణంలో వేగం 15 నాట్లు అటూ ఇటూ కావచ్చును. నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు. కాని నేల విడిచేటప్పుడు, దిగడానికి వచ్చేటప్పుడు లెక్క మారుతుంది. ఎక్కువ వేగమైతే 15 నాట్ల వరకు సహిస్తారు, తక్కువ వేగమైతే 5 నాట్లకు మించి సహించరు. ఈ పక్షపాతానికి కారణమున్నది. వేగం ఎక్కువైతే విమానం రన్‌వే మీద కొంత దూరం ఎక్కువ పరుగెత్తుతుంది. వేగం మరీ తగ్గితే రెక్కలు గాలిపై పట్టు కోల్పోతాయి. నేలకు దగ్గరగా అది జరిగితే తిరిగి సర్దుకొనడానికి ఎత్తు చాలదు. నియమంలోని ఆ చిన్న అంకె వెనుక ఎందరి ప్రాణాలో ఉన్నాయి.

అయితే అంకెలు చేతికిచ్చినంత మాత్రాన తీర్పు రాదు. ఆనాటి గాలుల ఒడిదుడుకులను, ఆ విమానపు స్వభావాన్ని పరీక్షకుడు లెక్కలోనికి తీసుకొనవలెనని అదే నియమం చెబుతున్నది. వేసవి మధ్యాహ్నం వేడిగాలి ఎగదన్నినప్పుడు ఎత్తు 200 అడుగులు తప్పి, వెంటనే గమనించి సరిచేసుకొన్నవాడు ఒకడు. ప్రశాంతమైన ఉదయాన 140 అడుగులు తప్పి, తప్పినట్లే తెలియక అట్లాగే సాగిపోయినవాడు మరొకడు. అంకె చూస్తే రెండవవాడు ఉత్తీర్ణుడు. అనుభవమున్న కన్ను మొదటివానిలోనే పైలట్‌ను చూస్తుంది. ఈ రెంటిని సమన్వయించడమే ఆ శిక్షణలో ప్రధానంగా నేర్పేది. కొత్తవాడు పరీక్షకుని పాత్ర వహించి, పెద్దవారి ఎదుట కనీసం రెండు పరీక్షలను మొదటి మాట నుండి చివరి నమోదు వరకు జరిపి చూపవలెను. చట్టాలు, వ్యక్తిగత వివరాల గోప్యత, బాధ్యత, బీమా, రుసుములు వంటి విషయాలు కూడా అందులోనే చెబుతారు.

తుదకు పరీక్షకునికే ఒక పరీక్ష. అధికార సంస్థ తరఫున ఇన్‌స్పెక్టరు గాని, ప్రత్యేకంగా అధికారం పొందిన సీనియర్ పరీక్షకుడు గాని గమనిస్తుండగా అతడు ఒక పరీక్షను నడపవలెను. ఆ ఇరుకు విమానంలో ముగ్గురున్నారని ఊహించండి: ఎగిరేవాడు, అతనిని చూసేవాడు, చూసేవానిని చూసేవాడు.

చేతులు కట్టుకొని కూర్చుండడం

గంటలు, తరగతులు, పత్రాలు ఎవరైనా సంపాదించవచ్చును. మంచి శిక్షకునికి నిజంగా కష్టమైనది వేరొకటి ఉన్నది. అది మాట్లాడకుండా ఉండడం.

శిక్షకుడు సంవత్సరాల తరబడి ఒకే అలవాటులో పెరిగినవాడు. శిష్యుని వేలు తప్పు మీట వైపు కదలగానే అతని నోట మాట వస్తుంది. ముక్కు కొంచెం పైకి లేవగానే అతని చేయి దానంతట అదే కంట్రోలు మీదికి పోతుంది. ఆ చురుకుదనమే అతనిని మంచి గురువును చేసినది. పరీక్షకుని ఆసనంలో అదే గుణం దోషమవుతుంది. భద్రతకు భంగం కలిగితే తప్ప పరీక్షకుడు విమానం నడపడంలో ఏ పాత్రా వహించకూడదు. విమానంలో తాను తప్ప మరెవ్వరూ లేనట్లే అభ్యర్థి నడపవలెను.

ఉదాహరణకు, ఇంజను ఆగినప్పుడు చేసే దింపుడు. పరీక్షకుడు త్రాటిల్ వెనుకకు లాగి, ఇంజను పోయినదనుకొమ్మంటాడు. అభ్యర్థి ముందుగా విమానాన్ని తగిన జారుడు వేగానికి తేవలెను, గాలి ఎటు వీస్తున్నదో గుర్తించవలెను, క్రింద చదునైన పొలం ఎంచుకొనవలెను, ఇంజను ఎందుకు ఆగినదో వెదకవలెను, రేడియోలో ఆపద సందేశం ఎట్లా ఇస్తాడో చెప్పవలెను. ఇప్పుడు అతడు ఎంచుకొన్న పొలం దూరమైనదనుకొందాము. అది అందదని పరీక్షకునికి మొదటి అర నిమిషంలోనే తెలిసిపోతుంది. గురువైతే ఆ క్షణమే, ఎడమవైపు పొలం చూడమంటాడు. పరీక్షకుడు అనడు. అభ్యర్థి తన పొరపాటును తానే గుర్తించి దగ్గరి పొలానికి మరలుతాడేమోనని వేచి చూస్తాడు. మరలినాడా, అది మంచి పైలట్ లక్షణం. మొదటి ఎంపిక తప్పినా నిర్ణయం నిలిచినది. మరలకపోతే సురక్షితమైన ఎత్తులో ఆపించి పైకి తీసుకొనిపొమ్మంటాడు. ఈ రెంటి నడుమనున్న ఒక నిమిషం ఎంత పొడవో అందులో కూర్చున్నవారికే తెలుస్తుంది.

మరీ త్వరపడి చేయి వేస్తే అభ్యర్థికి అన్యాయం, అతడు సరిదిద్దుకొనేవాడేమో. మరీ ఆలస్యమైతే ఇద్దరికీ ప్రమాదం. శిక్షణలో గడిపిన గంటలు పరీక్షకునికి పనికివచ్చేది ఇక్కడనే. ఎంతమంది శిష్యులు ఎన్ని విధాల తప్పులు చేసి, ఎంతవరకు పోయి తిరిగి తేరుకొంటారో చూసి ఉన్నందువల్లనే ఎంతసేపు ఆగవచ్చునో అతనికి తెలుస్తుంది. పరీక్షకుడు కావడానికి బోధనానుభవం ఎందుకు తప్పనిసరి చేశారన్న ప్రశ్నకు నాకు తోచే జవాబు ఇదే.

మరి అభ్యర్థి మనస్సు చెదిరితే? అది కూడా పరీక్షలో భాగమే. మన అవధాన సభలు చూసినవారికి ఇది వింతగా తోచదు. అష్టావధానంలో ఒక పృచ్ఛకుడు అప్రస్తుత ప్రసంగానికే నియమింపబడి ఉంటాడు. పద్యం పూరణలో ఉన్న అవధానిని వేళకాని వేళ పలుకరించి ధారణ చెడగొట్టజూడడమే అతని పని. అమెరికాలో పరీక్షకులు వాస్తవంగా సంభవించదగిన అంతరాయాలను పరీక్షలో చొప్పించవలెనని అక్కడి ప్రమాణ పత్రాలే చెబుతున్నాయి. జారిపడిన పెన్సిలు, క్రింద కనిపించే ఊరిని గురించి ఒక ప్రశ్న, ఏదో దీపం వెలిగిందేమిటని ఒక సందేహం, ఇవన్నీ ఆ కోవలోనివే. పృచ్ఛకుడు అవధానికి శత్రువు కానట్లే ఇతడూ కాడు. రేపు నిజంగా ఒక ప్రయాణికుడు అదే ప్రశ్న వేయగలడు.

ఆ రోజు జరిగేది

పరీక్ష మొత్తం అయిదు భాగాలు. రెండు ఇంజన్ల విమానమైతే ఆరవది కూడా ఉంటుంది. బయలుదేరే ముందటి సన్నాహం, గాలిలో మామూలు విన్యాసాలు, దారి పట్టి ప్రయాణం, దిగడం, ఆపదలను ఎదుర్కొనడం. దారి ప్రయాణమే కనీసం గంట ఉండవలెను. ఒక భాగంలో ఒక అంశం తప్పితే ఆ భాగమంతా తప్పినట్లే. ఒక్క భాగమే తప్పితే దానిని మాత్రం మరల ఇస్తే చాలును. ఒకటికి మించి తప్పితే పరీక్ష మొత్తం మొదటికి వస్తుంది. అన్ని భాగాలు ఆరు నెలలలోగా ముగియవలెను. ఇంత కఠినంలోను కొంత దయ ఉన్నది: ఏదైనా విన్యాసాన్ని పరీక్షకుడు తన విచక్షణ మేరకు ఒకసారి మరల చేయనీయవచ్చును. ఎవరికి ఆ అవకాశమిచ్చారు, ఎవరికి ఇవ్వలేదు అన్నదానిలోనే పరీక్షకుని న్యాయబుద్ధి బయటపడుతుంది.

విమానానికి ఆ సమయంలో కమాండరు ఎవరన్న విషయంలో దేశాలకు ఏకాభిప్రాయం లేదు. బ్రిటన్‌లో తొలి లైసెన్సు పరీక్షలో పరీక్షకుడే కమాండరు. అమెరికాలో సాధారణంగా అభ్యర్థే కమాండరు. పరీక్షకుడు చూడవచ్చినవాడు మాత్రమే. నన్నడిగితే బ్రిటన్ పద్ధతి నిజాయతీగా తోస్తుంది. ఇంకా లైసెన్సు రానివాని మీద మొత్తం భారం మోపడం కాగితం మీద బాగుంటుంది గాని, ఆపద వచ్చిన క్షణంలో ఆ విమానాన్ని ఎవరు చేతిలోనికి తీసుకొంటారో అందరికీ తెలిసినదే గదా.

సరిహద్దు పిల్లల విషయంలో ఒక ప్రత్యేకత చెప్పవలసి ఉన్నది. ఇంట తెలుగు, బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో, విమానంలో ఇంగ్లీషు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ రేడియో సంభాషణకు భాషా ప్రమాణాలను నిర్ణయించి, 2008 మార్చి నుండి అమలులోనికి తెచ్చినది. ఆరు స్థాయిలలో నాలుగవదైనా ఉంటేనే అంతర్జాతీయంగా ఎగరనిస్తారు. నాలుగవ స్థాయివారు కొంతకాలానికి ఒకసారి తిరిగి పరీక్ష ఇవ్వవలెను. ఆ ప్రమాణంలో ఉచ్చారణలో మాతృభాష జాడ ఉండడం తప్పు కాదు. వినేవారికి అర్థం కావడమే ముఖ్యం. మూడు భాషల నడుమ పెరిగిన పిల్ల జవాబు చెప్పడానికి ఒక క్షణం ఆగితే, అది తెలియక ఆగినదా, తెలిసినదానిని మాటలలో పెట్టడానికి ఆగినదా అని గుర్తించగలగడం పరీక్షకుని నైపుణ్యాలలో ఒకటి. మన పిల్లలు కూడా ఒక అలవాటు చేసుకొనడం మంచిది. అర్థం కానప్పుడు తల ఊపకుండా, మరల చెప్పమని అడగవలెను. అడిగినందుకు మార్కులు పోవు.

గురువే పరీక్షిస్తే?

భారతంలో ద్రోణుడు చెట్టుమీద బొమ్మ పక్షిని నిలిపి శిష్యులను పరీక్షించిన కథ మన పిల్లలందరికీ తెలుసు. అక్కడ నేర్పినవాడూ ఆయనే, పరీక్షించినవాడూ ఆయనే. గెలిచినవాడు ఆయనకు మిక్కిలి ప్రియమైన శిష్యుడు. కథగా అది రమ్యమే. విమాన నియమాలు మాత్రం ఆ పద్ధతిని ఒప్పుకొనవు. ఒక అభ్యర్థి శిక్షణలో ప్రధాన భాగం తానే నేర్పినవాడు, అతడు పరీక్షకు సిద్ధమని సిఫారసు చేసినవాడు ఆ లైసెన్సు పరీక్ష జరపకూడదు. అంతేగాక, ఏ కారణంచేతనైనా తన నిష్పాక్షికతకు భంగం కలుగుతుందని తనకు తోచినా సరే, పరీక్షకుడు తనంత తానే తప్పుకొనవలెనని యూరపు నియమం చెబుతున్నది.

ఈ చివరి వాక్యం ఆచరణలో తేలిక కాదు. చిన్న విమాన క్షేత్రాలలో అందరూ అందరికీ తెలిసినవారే. పరీక్షకుడు సాధారణంగా తానూ ఒక శిక్షణ పాఠశాలలో పనిచేసేవాడే. ప్రక్క పాఠశాల అభ్యర్థి తప్పితే పోటీవానిని దెబ్బతీశారంటారు; తన పాఠశాల అభ్యర్థి నెగ్గితే మనవాడని వదిలారంటారు. అమెరికాలో దీనికి రుసుము చిక్కు తోడైనది. అక్కడి పరీక్షకులలో అత్యధికులు ప్రభుత్వోద్యోగులు కారు. ప్రభుత్వం అధికారమిచ్చిన ప్రైవేటు వ్యక్తులు. అభ్యర్థి వద్ద నేరుగా రుసుము తీసుకొంటారు, ఎంతన్నది వారే నిర్ణయిస్తారు. పరీక్షకులు చాలక అభ్యర్థులు వారాల తరబడి వేచి ఉండవలసి వస్తున్నదన్న ఫిర్యాదు ఏళ్ళుగా ఉన్నది. 2018 నాటి అక్కడి విమానయాన చట్టం ఈ పరీక్షకుల వ్యవస్థను సమీక్షించుమని ఆదేశించినది. వేచి ఉన్న ప్రతి వారమూ అద్దె, భోజనం, చేయి మరచిపోకుండా మరల మరల ఎగరడం, వీటన్నిటి ఖర్చు కుటుంబమే భరించవలెను. కాబట్టి పాఠశాలలో చేరకముందే, పరీక్షకుడు ఎవరు వస్తారు, ఎన్నాళ్ళు ఆగవలసి ఉంటుంది, రుసుమెంత అని అడిగి తెలుసుకొనడం అవసరం. శిక్షణ రుసుము అడిగినంత శ్రద్ధగా ఎవరూ దీనిని అడగరు.

మన దేశంలో లైసెన్సులన్నీ పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అనగా డీజీసీఏ చేతిలో ఉంటాయి. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరవలెను. అందులో 100 గంటలు తానే కమాండరుగా ఎగిరి ఉండవలెను. ఇక్కడ కూడా సహాయ శిక్షకుడు, శిక్షకుడు అని మెట్లున్నాయి. పరీక్షలు డీజీసీఏ ఆమోదించిన పరీక్షకుల ఎదుట జరుగుతాయి. అమెరికాలో లైసెన్సు తెచ్చుకొన్నవారు సైతం తిరిగి వచ్చి డీజీసీఏ వ్రాత పరీక్షలు నెగ్గి, వైద్య పరీక్షకు నిలిచి, ఇక్కడి లైసెన్సు పొందవలసినదే.

గంటల పుస్తకం ఒక్కటే చూసి లైసెన్సు ఇస్తే ఏమవుతుందో 2011లో మన దేశం చూసినది. నకిలీ మార్కుల పత్రాలతో పైలట్ లైసెన్సులు పొందారన్న నేరంపై ఆ ఏడాది కొందరు అరెస్టయ్యారు. ఎగరని గంటలను ఎగిరినట్లు పుస్తకంలో వ్రాయించుకొన్నారన్న ఆరోపణలు కూడా వచ్చాయి. డీజీసీఏ వేలాది లైసెన్సుల పత్రాలను మరల తిరగవేసి చూడవలసి వచ్చినది. పుస్తకంలో అబద్ధం వ్రాయవచ్చును. ఎదురుగాలిలో విమానాన్ని దింపేటప్పుడు చేతులు అబద్ధమాడలేవు. ఎగరకుండా వ్రాసుకొన్న గంటలు నిష్పాక్షికుడైన పరీక్షకుని ప్రక్కన పది నిమిషాలు నిలవవు. అతడు జాలిపడో, మొగమాటపడో కళ్ళు మూసుకొంటే మాత్రం, ఆ తరువాత అడ్డుకొనే చేయి మరొకటి లేదు. పొలం అమ్మి చదివించారన్న సంగతి అతనికి తెలిసినా ఆ ఆసనంలో అది లెక్కకు రాకూడదు. వినడానికి ఇది కటువుగానే ఉంటుంది. ఆ పిల్లవాడు రేపు ఎక్కించుకొనే ప్రయాణికులకూ పొలాలు, కుటుంబాలు ఉంటాయి.

దిగిన తరువాత

ఇంజను ఆపిన తరువాత పరీక్షకుని మౌనం ముగుస్తుంది. ఫలితం మూడు విధాలు: ఉత్తీర్ణత, పాక్షిక ఉత్తీర్ణత, అపజయం. మొదట ఫలితం చెప్పి, తరువాత కారణాలు వివరించడమే మంచిదని అనుభవజ్ఞుల మాట. ఫలితం తెలియని అభ్యర్థి చెవికి వివరణ ఏదీ ఎక్కదు. పూర్తిగా నెగ్గనివారికి ఇంకా ఏ శిక్షణ అవసరమో చెప్పవలెను. ఈ తీర్పు మీద అప్పీలు చేసుకొనే హక్కు ఉన్నదని కూడా పరీక్షకుడే తెలియజేయవలెను. చాలా కుటుంబాలకు ఆ హక్కున్నట్లే తెలియదు. పాక్షిక ఉత్తీర్ణతను ఇంటివారు అపజయమని భావించి పిల్లలను నిందించడం కూడా కద్దు. ఒక భాగం మరల ఇవ్వడమంటే కొన్ని గంటల సాధన, మరొక రుసుము. అంతకు మించినది కాదు.

పరీక్షకుని అధికారపత్రం శాశ్వతం కాదు. మూడేళ్ళకు ఒకసారి పొడిగించుకొనవలెను. ఆ లోపల నిర్ణీత సంఖ్యలో పరీక్షలు జరిపి, పునశ్చరణ తరగతికి హాజరై, చివరి ఏడాదిలో ఒక పరీక్షను ఇన్‌స్పెక్టరు గాని, సీనియర్ పరీక్షకుడు గాని చూస్తుండగా జరపవలెను. తాను చేసిన ప్రతి పరీక్ష వివరాలను, ఫలితాలను అయిదేళ్ళు భద్రపరచవలెను. అధికారులు ఆ పుస్తకం అడిగి తీసుకొని, ఎవరిని నెగ్గించాడు, ఎవరిని ఆపాడు, ఏ కారణం వ్రాశాడు అని వరుసగా చూడవచ్చును.